నాన్న పేరు జాబితాలో లేదు

మూడూ ఇరవైకి వాన మొదలైంది. ఈ కొండల్లో మధ్యాహ్నపు వానకు బద్ధకం లేదు, బడిగంట కొట్టినట్టు వేళకు వచ్చేస్తుంది, వచ్చి రేకుల మీద దరువు వేస్తుంది, ఆ దరువులో పక్కన కూర్చున్న మనిషి మాట కూడా సరిగ్గా వినపడదు, అదీ ఒకందుకు మేలే అనుకుంది రిబ్కా, వినపడకపోతే జవాబు చెప్పక్కర్లేదు. వడ్ల గాదె కింది అరుగు మీద కాళ్ళు ముడుచుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా, వాకిలికి అవతల, పెద్దిల్లు. దాని చెక్కమెట్లు నల్లగా తడిసి మెరుస్తున్నాయి. పొద్దున్న మకాసర్ బస్సు దిగి వచ్చినప్పటినుంచి ఆ మెట్లు ఎక్కలేదు. "నాన్నకు చెప్పావా, వచ్చినట్టు?" అని అమ్మ మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ "పనయ్యాక" అంది. పని నిజంగానే ఉంది. తెర మీద ఓ మూల చిన్న అంకె కనబడుతోంది, మూడు వందల పద్నాలుగు. ఈ నిమిషంలో, ముక్కూ ముఖం తెలియని మూడు వందల పద్నాలుగు మంది నాన్న పడుకున్న గదిలోకి చూస్తున్నారన్న మాట. సాయంత్రం ఐదింటికి ఓడల్లోనూ గనుల్లోనూ ఉన్న చుట్టాలందరూ ప్రార్థనకు ఆ గదినే తమ ఫోన్లలో తెరుస్తారు. ఆలోగా అడ్డం కట్టాలి. ఎందుకు కడుతోందో అమ్మకు తెలియకూడదు.

నాన్నకు తొమ్మిది నెలల కిందట ఊపిరి ఆగింది. ఊపిరి ఆగినంత మాత్రాన ఇక్కడ మనిషి పోయినట్టు కాదు. పండగ చేసి, మొదటి దున్న నేలకొరిగి, పడమటికున్న తలను దక్షిణానికి తిప్పిననాడు పోయినట్టు. అప్పటిదాకా ఆయన జబ్బు మనిషి. జబ్బు మనిషికి పొద్దున్న అన్నం, నాలుగింటికి కాఫీ, ఆదివారం ఒక లవంగం సిగరెట్టు. ఇంట్లోకి వచ్చినవాళ్ళు వచ్చామని చెప్తారు, వెళ్ళేవాళ్ళు వెళ్తున్నామని చెప్తారు. పండగ వచ్చే ఆగస్టులో, అందరికీ సెలవు దొరికేది అప్పుడే. ఇవన్నీ రిబ్కాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. తాతకు అలాగే జరిగింది, నానమ్మ రెండేళ్ళు అలాగే పడుకుంది, ఆమె పక్కనే కూర్చుని రిబ్కా ఎక్కాలు వల్లె వేసింది, తప్పు చదివితే నానమ్మకు కోపం వస్తుందని భయపడింది కూడా. ఆ భయం ఎక్కడికి పోయిందో, మకాసర్‌లో ఏ వీధిలో జారిపోయిందో తెలియదు. ఫోన్లో ఒకరోజు, అమ్మ "మీ నాన్న నిన్ను అడుగుతున్నాడే" అంటే, ఆఫీసులో ఏదో చికాకులో ఉండి, "నాన్న చచ్చిపోయాడు గదమ్మా" అనేసింది. తరవాత రెండు నెలలు అమ్మ ఫోన్ ఎత్తలేదు. నోరు జారితే తీసుకోలేం అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, కాలు జారినా బాగుండేది, కట్టు కట్టించుకుని ఊరుకునేది.

తమ్ముడు యూనుస్ ఫోన్ చేసింది పది రోజుల కిందట. ఓడలో వంటవాడు వాడు, ఏ సముద్రంలో ఉన్నాడో వాడికే తెలియదు. "అక్కా, ఇంజన్ గదిలో ఒకడు ఫోన్ చూస్తున్నాడు. అందులో మన నాన్న." మొదట అర్థం కాలేదు. తాళం లేని కెమెరాలను ప్రపంచమంతా వెతికి పట్టి ఒకచోట పేర్చే సైటు ఒకటుంది, పార్కింగ్ స్థలాలు, కోళ్ళ ఫారాలు, ఎవరో పిచ్చుకలకు కట్టిన గూడు, వాటి మధ్య ఎర్రటి దుప్పటి కప్పుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, వెల్లకిలా పడుకున్న నాన్న. దానికి ఎవరో పేరు కూడా పెట్టారు, "ఎప్పుడూ నిద్రపోయే ముసలాయన" అని. కింద వ్యాఖ్యలు. పదకొండు రోజులుగా చూస్తున్నాను, పక్కకు కూడా తిరగలేదు. బొమ్మ అయ్యుంటుంది. బొమ్మకు కాఫీ ఎవరు పెడతారు? నేను ఇక్కడ రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే ఈయన్ని చూస్తాను, పడుతుంది. ఆ చివరి మాట రాసినవాడు ఏదో మంచు దేశం వాడు. తరవాత, పోయిన వారం నుంచి, వేరు వేరు పేర్లతో ముగ్గురు నలుగురు ఒకే మాట రాస్తున్నారు. నిన్న చెయ్యి కదిలింది. మీరు చూశారా? చూశాను, ఒకే వేళకు కదులుతుంది, ప్రతిరోజూ. రిబ్కా ఆ వరస చదివి ల్యాప్‌టాప్ మూసేసి, ఆఫీసు బాత్‌రూంలో చాలాసేపు చేతులు కడుక్కుంది. వాళ్ళు రాసిన ఆ వేళను ఇక్కడి కాలానికి లెక్క కట్టి చూసింది. సాయంత్రం నాలుగు.

"ఏమ్మా ఇంజనీరమ్మా, దొంగ దొరికాడా?" అన్నాడు దావుద్ బాబాయి, తల మీద అరటాకు పెట్టుకుని వాకిలి దాటుతూ. నాన్న తమ్ముడు, చుట్టాల్లో ఈ సంగతి తెలిసింది ఆయనకూ యూనుస్‌కూ మాత్రమే. జకార్తాలో కూర్చున్న ఎవడో మాయగాడు కెమెరా తాళం పగలగొట్టాడని ఆయన నమ్మకం. "దొరికితే చెప్పు, మన దున్నతో కుమ్మిద్దాం." నవ్వుకుంటూ కిందున్న దున్నల కొట్టం వైపు వెళ్ళిపోయాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు రిబ్కా తల వంచుకుంది. తాళం ఎవరూ పగలగొట్టలేదు. ఉంటే కదా పగలడానికి. రెండేళ్ళ కిందట నాన్న మచ్చల దున్నను కొన్నాడు, తెల్లటి ఒంటి మీద నల్లటి మచ్చలు, నీలి కళ్ళు, అలాంటి దున్న కోసం కొట్టాలకు కన్నాలు వేస్తారు. అందుకని కొట్టంలో ఒక కెమెరా, వాకిట్లో ఒక కెమెరా పెట్టించి, ఇంట్లోవాళ్ళు ఉండే సిమెంటు ఇంటి బీరువాలో పాత కంప్యూటర్ ఒకటి అమర్చి, ఎక్కడున్నా ఫోన్లో చూసుకునేలా రిబ్కాయే చేసిపెట్టింది. నాన్న అడిగాడు కూడా. "తాళం వేశావా అమ్మాయ్?" ట్రాఫిక్‌లో ఉంది అప్పుడు, వెనక ఎవడో హారన్ కొడుతున్నాడు. "తరవాత వేస్తాలే నాన్నా, మన దున్నను ఎవరు చూస్తారు?" అంది. తరవాత నాన్న జబ్బుపడ్డాక, యూనుస్ ఓడలోంచి బతిమాలితే, గదిలో మూడో కెమెరా బాబాయి బిగించాడు, దానికి కావలసిన నాలుగు వాక్యాలు మకాసర్ నుంచి రిబ్కా రాసింది. రాసింది కూడా కాదు, దున్నల కొట్టానికి రాసినవే ఎత్తి, కొట్టం అన్నచోట గది అని మార్చింది. పది నిమిషాల పని. నాన్నను దున్నల కొట్టం పక్కన, బజారులో పడుకోబెట్టింది కన్నకూతురే.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇప్పుడు చేస్తున్నది, కాకపోతే ఆకులు గట్టివి. మకాసర్ నుంచే కెమెరాలు ఆపేస్తే ఎందుకని చుట్టాలందరూ అడుగుతారు, అందుకే సెలవు దొరికేదాకా ఆగింది. కెమెరాలు మూడూ, ఫోటోల పేజీ, ఇంకెప్పటికీ బయటివాళ్ళతో నేరుగా మాట్లాడవు. వాటి ముందు ఒక కాపలావాడు నిలబడతాడు. రివర్స్ ప్రాక్సీ అంటారు ఆఫీసులో, ఎవరు వచ్చినా వాడి దగ్గరికే రావాలి, పేరు చెప్పాలి, ఫోనుకు వచ్చిన ఆరంకెల నంబరు చెప్పాలి, అప్పుడు వాడే లోపలికి వెళ్ళి, అడిగినది తెచ్చి చేతిలో పెడతాడు. పేరు లేనివాడికి లోపల ఏముందో కూడా తెలియదు, ఇల్లుందో లేదో కూడా తెలియదు. ఇలాంటి కాపలావాళ్ళను ఆఫీసులో వందమందిని నిలబెట్టింది రిబ్కా, బ్యాంకులకు, ఆస్పత్రులకు, ఒక చేపల ఎగుమతి కంపెనీకి. వాళ్ళెవరి కోసమూ అరచేతులు ఇలా చెమట పట్టలేదు. కాపలావాడు నిలబడే ఈ గేటు ఈ ఇంటిదే అని బయటినుంచి ధ్రువపత్రం రావాలి, దానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. గిరగిర తిరిగే చుక్కను చూస్తూ కూర్చుంటే నాన్న పనిచేసిన మకాలే పోస్టాఫీసు కిటికీ గుర్తొచ్చింది. ఇనుప ఊచల వెనక నాన్న. రిజిస్టర్ ఉత్తరం కోసం వచ్చిన ముసలమ్మ దగ్గర గుర్తింపు కార్డు లేదు, బ్యాగంతా దులిపినా లేదు. "కాయితం ఎవడిక్కావాలమ్మా, ఏ ఇంటిదానివో చెప్పు" అన్నాడు నాన్న. ఆమె పెద్దింటి పేరు చెప్పింది. "ఆ ఇంటికి మెట్లు ఏ వైపు?" చెప్పింది. "గాదె మీద కోడిపుంజు బొమ్మకు తోక ఉందా?" "ఎక్కడుంది నాయనా, పిడుగు పడ్డప్పుడే పోయింది." అంతే, ఉత్తరం చేతికిచ్చాడు. పక్క కిటికీ వాళ్ళు నవ్వేవారు. కానీ ముప్పై ఒక్క ఏళ్ళలో నాన్న చేతినుంచి ఒక్క ఉత్తరం తప్పు మనిషికి పోలేదు. అలాంటివాడి కూతురు తలుపు తీసిపెట్టి పోయింది. వాన కొంచెం పక్కకు తిరిగి అరుగు మీదకు జల్లు కొట్టింది, రిబ్కా ల్యాప్‌టాప్‌ను గుడ్డతో తుడిచి వెనక్కి జరిగింది.

ధ్రువపత్రం వచ్చింది. ఇప్పుడు పేర్లు. ఇంట్లో ఎవరెవరున్నారో రాసి పంపమని నిన్న బాబాయిని అడిగితే, చీటీ మీద రాసి ఫోటో తీసి పంపాడు, ఇరవై మూడు పేర్లు, వయసు వరసలో, మొదటి పేరు "మత్తియుస్ అన్నయ్య, పెద్దింట్లో". ఈ ఊళ్ళో ఎవరిని అడిగినా అలాగే రాస్తారు, ఇంట్లో ఎవరున్నారంటే ఇంట్లో ఉన్నవాణ్ణి రాయరా మరి? బస్సులో ఆ చీటీ చూసి ఎత్తి రాసుకుంటూ రిబ్కా మొదటి పేరు దగ్గర ఆగింది. ఆగి, దాటేసింది. ఏమీ ఆలోచించలేదని తనకు తాను చెప్పుకుంది. వాడని ఖాతా తెరిచి ఉంచకూడదు, అది పద్ధతి, వాడేవాళ్ళు లేని పేరు గోడకు కన్నం లాంటిది, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు తనే చెప్తుంది. ఎవరైనా పోతే ఆ సాయంత్రమే పేరు తీసెయ్యాలి. పోతే. ఆ మాట దగ్గర బస్సు మలుపు తిరిగింది, కిటికీ తెరిచి చల్లగాలి పీల్చుకుంది. ఇరవై రెండు పేర్లు రాసింది. అమ్మ పేరు, బాబాయి పేరు, యూనుస్, తిమికా గనిలో ఉన్న పెద్దనాన్న కొడుకులు, చివరికి తన పేరు. ఇంటి వైఫై లోంచి వచ్చినా సరే పేరు చెప్పాల్సిందే అని ఇంకో వాక్యం, ఎందుకంటే ఆ వైఫై పాస్‌వర్డ్ ఊరందరికీ తెలుసు, చర్చి పాటల బృందంతో సహా. ఒకసారి మొదటినుంచీ చదువుకుంది. వేలు మీట మీద పెట్టింది. మూడూ నలభై ఎనిమిది. నొక్కింది.

ఏమీ కాలేదు. మూల అంకె మూడు వందల ఆరు, మూడు వందల పది. కాపలావాడు నిలబడ్డాడు, నిలబడ్డట్టు కనబడుతున్నాడు, వాడి పక్కనుంచే జనం లోపలికి పోతున్నారు, వాణ్ణి తాకకుండా, వాడికి కనబడకుండా. ఒక క్షణం రిబ్కాకు ఇది యంత్రం సంగతి కాదనిపించింది, చూస్తున్నది మనుషులేనా అనిపించింది, ఇంతమందికి ఒక ముసలాయన నిద్రతో పనేమిటి. తరవాత బుర్ర పనిచేసింది. వీధి వాకిలికి తాళం వేసి దొడ్డి తలుపు బార్లా తెరిచిపెట్టింది, అంతే. కెమెరాలు పాత దారిలో ఇంకా నేరుగా బయటకు పలుకుతున్నాయి, రౌటర్‌లో రెండేళ్ళ కిందట తను తీసిన కన్నం అలాగే ఉంది. దాన్ని మూసింది. కాపలావాడు తప్ప ఇంకెవరు పిలిచినా పలకొద్దని కెమెరాలకు చెప్పింది. అంకె రెండు వందల తొంభై అయింది. నూట యాభై. నలభై. ఎవరో ఊదినట్టు దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. పదకొండు. రెండు. ఒకటి. ఆ ఒకటి కాసేపు అలాగే నిలబడింది. నిద్రపట్టని ఆ మంచు దేశం వాడేమో, వాడికి ఇప్పుడు ఉదయమో రాత్రో, నల్లటి తెర చూస్తూ కూర్చుని ఉంటాడేమో. పాపం అనిపించింది. వాడు మాత్రం నాన్నను ఏమన్నాడు, చూశాడు, నిద్రపోయాడు. సొంత కూతురు ఆ పని కూడా చెయ్యలేదు. సున్నా. రిబ్కా ఊపిరి వదిలింది. సైటు తెరిచి చూస్తే నాన్న ఉండేచోట బూడిదరంగు గడి, కింద ఎవరో అప్పుడే రాశారు, ముసలాయన ఏడీ?

గేటు దగ్గర చిట్టా నడుస్తోంది, వచ్చినవాళ్ళను, వెనక్కి పంపినవాళ్ళను కాపలావాడు ఒక్కొక్క వరసగా రాస్తున్నాడు. బయటివాళ్ళ గోల తగ్గిపోతోంది. నాలుగు దాటి మూడు నిమిషాలకు ఒక కొత్త వరస పడింది. ఇంట్లోంచి. ఫోను పేరు, నాన్న. అడిగింది, దున్నల కొట్టం. మనిషి పేరు, లేదు. వెనక్కి పంపడమైనది. రిబ్కా ఆ వరసను చదివింది, చదవలేదన్నట్టు మళ్ళీ చదివింది. ఆ ఫోను మకాసర్‌లో కొని తనే పంపింది, దానికి ఆ పేరు పెట్టింది కూడా తనే. అది నాన్న పక్కనే ఉంటుందని తెలుసు, జబ్బు మనిషికి ఫోను అవసరమవుతుందని అమ్మ ఛార్జింగ్ పెడుతుందనీ తెలుసు. మళ్ళీ వరస. ఇంట్లోంచి. నాన్న. దున్నల కొట్టం. పేరు లేదు. వెనక్కి పంపడమైనది. మళ్ళీ. తలుపు తట్టి, కాస్త ఆగి, మళ్ళీ తట్టినట్టు. తెరిచి ఉన్న పేజీ తనంతట తానే అడుగుతుంది అప్పుడప్పుడు, అలాంటివి చాలా చూసింది, కానీ కళ్ళు ఎత్తి పెద్దింటి దక్షిణపు గది కిటికీ చూడాలంటే మెడ తిరగలేదు. నాన్న ఎదురుగా ఇనుప ఊచల వెనక తను కూర్చున్నట్టు, నాన్న బయట వానలో నిలబడి ఏ ఇల్లో, మెట్లు ఏ వైపో చెప్తున్నట్టు, తను వినకుండా మీకు పేరు లేదండీ అంటున్నట్టు అనిపించింది. నాలుగోసారి వరస పడింది.

మెట్ల మీద చప్పుడైంది. అమ్మ. ఒక చేత్తో ఖాళీ కాఫీ గ్లాసు, ఇంకో చేత్తో చీర కొంగులా భుజం మీద లాక్కున్న సరోంగు లుంగీ, వానలో గబగబా వాకిలి దాటి అరుగెక్కింది.

"ఏం చేశావే ఫోనుకి? మీ నాన్నను పేరు అడుగుతోంది."

"ఎవరు... ఎవరు చూస్తున్నారమ్మా ఆ ఫోను?"

"ఎవరేమిటి, మీ నాన్నే. రోజూ కాఫీ అయ్యాక దున్నను చూసుకోడూ? గోరువెచ్చటి నీళ్ళతో బొటనవేలు తుడిచి, ఫోనుకు ఆనిస్తా, తెరుచుకుంటుంది. పొట్ట మీద నిలబెడితే చూసుకుంటాడు. ఇవాళ దున్న లేదు, ఏదో గళ్ళు వచ్చాయి, రాయమంటోంది. సొంతింట్లో మనిషిని నువ్వెవరు అంటారటే?"

నాలుగింటికి కదిలే చెయ్యి. అంతేనా. కెమెరాకు వీపు పెట్టి కూర్చునే అమ్మేనా. రిబ్కాకు నవ్వు వచ్చింది, సగంలో ఆగిపోయింది. ఒళ్ళు పాడవకుండా ఎక్కించిన సూదిమందు పట్టి, ఎండి, తోలులా బిగిసిన వేలికి ఫోను తెరుచుకోదు, ఆ అద్దానికి బతికున్న చర్మం కావాలి, ఈ సంగతి తనకు బాగా తెలుసు.

"ఆ వేలికి తెరుచుకుంటుందా అమ్మా?"

"రోజూ తెరుచుకుంటుందే. ఎందుకు తెరుచుకోదు, ఆయన ఫోనేగా." అమ్మ చేట దగ్గరికి లాక్కుని, మటం వేసుకుని కూర్చుంది. పచ్చి కాఫీ గింజల్లో పుచ్చులు ఏరడం మొదలుపెట్టింది. "దావుద్ రాసిచ్చిన చీటీలో ఆయన పేరు లేదా?"

"ఉంది."

"మరి?"

వాన. చేటలో గింజలు. అమ్మ ఏరడం ఆపింది. పేరు ఎవరు దాటేశారో, ఎందుకు దాటేశారో అమ్మకు అర్థమైపోయింది, ఫోన్లో ఆరోజు అన్న మాటే ఇవాళ కూతురు మళ్ళీ అంది, నోటితో కాకుండా చేత్తో అంది. ఈసారి రెండు నెలలతో పోదు. అమ్మ ముఖంలో కోపం లేదు, అదే భయం వేసింది రిబ్కాకు, అమ్మ ముఖం తలుపు దగ్గర నిలబెట్టేసిన మనిషి ముఖంలా ఉంది. "ఉండు, రాస్తున్నాను" అంది. కొత్త పేరు అన్నచోట నొక్కింది. మత్తియుస్ అని రాసింది. ఇంటిపేరు రాసింది. కింద ఒక గడి, ఖాతా చలనంలో ఉందా, నిలిపివేయబడిందా. వేలు దాని మీద ఆగింది. ఆఫీసులో ఈ గడి మీద రోజుకు పదిసార్లు నొక్కుతుంది, ఒక్కసారి కూడా అది తనను ప్రశ్న అడిగినట్టు అనిపించలేదు. చలనంలో ఉంది అని నొక్కింది. నొక్కాక, ఎందుకో, కళ్ళు తుడుచుకుంది.

"అమ్మా, ఫోనుకు ఒక నంబరు వెళ్ళింది. ఆరంకెలు. పది నిమిషాల్లో ఆ గళ్ళలో కొట్టాలి, లేకపోతే చెల్లదు. వెళ్ళి చూసి కొట్టిరా."

"నా కళ్ళకు ఆ అంకెలు ఆనవు."

"కళ్ళజోడు పెట్టుకో."

"నువ్వే వెళ్ళి అడుగు ఆయన్ని. పొద్దున్నుంచి ఇక్కడే కూర్చున్నావు, కోళ్ళు కూడా రెండుసార్లు పైకెళ్ళి వచ్చాయి."

అమ్మ మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది, ఇక కదలదు, అమ్మ మొండితనం ఊరికంతా తెలుసు. తొమ్మిది నిమిషాలు. వెళ్ళొచ్చు, మెట్లెక్కి, ఫోను చూసి, అంకెలు కొట్టి రావచ్చు, ముఖం చూడకుండా కూడా రావచ్చు. ఎనిమిది. అసలు భయం నాన్న ముఖం కాదు. ముఖం ఏముంది, పది రోజులుగా తెరమీద చూస్తూనే ఉంది. వెళ్తే పలకరించాలి, పలకరిస్తే చెప్పాలి, మూడు వందల మంది ముందు మిమ్మల్ని పడుకోబెట్టింది నేనే అని. జకార్తా దొంగ పేరు చెప్పి బాబాయిని నమ్మించింది, మౌనంతో అమ్మను నమ్మించింది, యూనుస్‌ను నమ్మించింది, ఒక్క మనిషి దగ్గరే ఆ అబద్ధం నోట్లోంచి రాదు. ఆరు నిమిషాలు. కింద కొట్టంలో బాబాయి దున్న వీపు రుద్దుతున్నాడు, అరుగు మీదనుంచి ఆయన తల కనబడుతోంది. అమ్మ పక్కనే ఉంది, మోకాలు తగిలేంత దగ్గర. పెద్దింట్లో ఇంకెవరూ లేరు. నాలుగు. చెల్లకపోతే చెల్లదు, రేపు ఇంకోటి పంపొచ్చు అనుకుంది, అనుకుని సిగ్గుపడింది. చిట్టా వైపు ఊరికే చూసింది.

వరస పడింది. ఇంట్లోంచి. ఫోను, నాన్న. నంబరు సరిపోయింది. పేరు, మత్తియుస్. లోపలికి పంపడమైనది.

రిబ్కా అమ్మ చేతులు చూసింది. రెండు చేతులూ చేటలోనే ఉన్నాయి, తడి గింజల మీద. కొట్టం వైపు చూసింది, బాబాయి చీపురు కడుగుతున్నాడు. వానచప్పుడు ఉన్నట్టే ఉంది గానీ చెవులకు అందడం మానేసింది. ఇప్పుడు దున్నల కొట్టం అని పడుతుంది, రోజూ చూసేది అదే కదా, పాత పేజీ తనంతట తాను తెరుచుకుని ఉంటుంది, నంబరు కూడా తనంతట తాను... తనంతట తాను ఎలా. రెండో వరస పడింది. మత్తియుస్. అడిగింది, వాకిలి. ఇవ్వడమైనది.

వాకిలి కెమెరా పెద్దింటి చూరు కింద ఉంటుంది. అది చూసేది ఈ గాదెనే, ఈ అరుగునే. రిబ్కా మెడ మెల్లగా ఎత్తింది. వాన తెర వెనక, చూరు నీడలో, చిన్న ఎర్రటి చుక్క వెలుగుతోంది, ఎవరైనా చూస్తున్నప్పుడు మాత్రమే అది వెలుగుతుంది. పారిపోవాలనిపించింది, ఆ వెంటనే, చిన్నప్పుడు తప్పు చేసి దాక్కున్నచోట నాన్న కంటపడినప్పుడు కలిగినట్టు, ఇక దాక్కోనక్కర్లేదని ఒక నెమ్మది కూడా కలిగింది. లేచి నిలబడింది. ల్యాప్‌టాప్ ఒళ్ళోంచి చాప మీదకు జారింది.

"తాళం వెయ్యలేదు నాన్నా" అంది, వానచప్పుడును మించి, గొంతు చించుకుని. "దొంగ ఎవరూ లేరు. తరవాత వేస్తానని వెయ్యలేదు, కొట్టానికీ వెయ్యలేదు, మీ గదికీ వెయ్యలేదు. పరాయివాళ్ళంతా చూశారు మిమ్మల్ని. అంతా నేనే చేశాను."

కొట్టంలో బాబాయి తలెత్తి చూశాడు. అమ్మ ఒక పుచ్చుగింజ తీసి వానలోకి విసిరింది.

"పరాయివాళ్ళు చూశారా" అంది.

"చూశారమ్మా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మనమే."

అమ్మ తల పంకించింది. ముక్కు చీది, సరోంగు అంచుతో తుడుచుకుంది. "నాతో కాదు. వాకిట్లో నిలబడి అరిస్తే జబ్బు మనిషికేం వినబడుతుంది? లోపలికెళ్ళి దగ్గర కూర్చుని చెప్పు."

రిబ్కా వానలోకి దిగింది. వాకిలి దాటేసరికి జుట్టంతా తడిసిపోయింది. మెట్లు జారుతున్నాయి, చేతులు ఆన్చి ఎక్కింది. దక్షిణపు గది తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు, తోస్తే తెరుచుకుంటుంది. సందులోంచి కాఫీ వాసన, మందు వాసన, ఫోను తెర నుంచి కాబోలు కాస్త నీలి వెలుగు. చెయ్యి తలుపు మీద పెట్టింది, కానీ తొయ్యలేదు.

"నాన్నా, నేను. రిబ్కాని" అంది. "లోపలికి రానా?"

అని, జవాబు కోసం నిలబడింది.